రిపోర్టులో మేల్ అని వచ్చింది

2020 జూన్ నెల. లాక్‌డౌన్ పుణ్యమా అని అందరం ఇళ్ళల్లోంచే లాగిన్ అవుతున్న రోజులు. రెండు కాల్స్ మధ్య దొరికిన పావుగంటలో వార్తలు తిరగేస్తుంటే ఒక శీర్షిక కనబడింది. బెంగాల్లో ముప్పై ఏళ్ళ మహిళ తను మగవాడినని తెలుసుకుని నిర్ఘాంతపోయిందని దాని సారాంశం. ఆ రోజంతా ఏ సైటు చూసినా అదే వార్త, అదే తరహా శీర్షిక. కింద కథ చదివితే ఆవిడ ఎక్కడా అలా అన్నట్టు లేదు.

జరిగింది ఇదీ. ఆవిడకి పెళ్ళై తొమ్మిదేళ్ళయింది. పొత్తికడుపులో నొప్పని కోల్‌కతాలో కాన్సర్ ఆసుపత్రికి వెళ్తే, అది వృషణాలకొచ్చే కాన్సర్ అని తేలింది. వృషణాలు కడుపులోపలే ఉన్నాయి. గర్భసంచి లేదు, అండాశయాలు లేవు, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నెలసరి రాలేదు. క్రోమోజోములు చూస్తే ఎక్స్‌ఎక్స్ బదులు ఎక్స్‌వై. ఇరవై ఎనిమిదేళ్ళ చెల్లెలికి పరీక్ష చేస్తే అక్కడా అంతే. తల్లివైపు ఇద్దరు అక్కచెల్లెళ్ళకి కూడా ఇదే ఉండేదట. ఆవిడ ఇన్నాళ్ళూ ఎలా కాపురం చేసిందో ఇకముందూ అలాగే చేసుకోవచ్చని భార్యాభర్తలిద్దరికీ నచ్చజెబుతున్నామని వైద్యం చేసిన డాక్టర్లు చెప్పారు. నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. అది శీర్షికలోకి ఎక్కలేదు.

నేను చదివిన ఒక కథనంలోనైతే మొదటి పేరాలో "ఆమె", మూడో పేరాకొచ్చేసరికి "అతడు". మళ్ళీ చివర్లో ఆమె. రాసినాయనకి ఎక్కడ ఆగాలో తెలీలేదు పాపం. ఆయన్ని నేను పెద్దగా తిట్టలేను. ఎందుకంటే ఆ పని ఆయనకంటే పదేళ్ళ ముందు నేను చేసాను, అదీ కోడ్‌లో.

2009లో నేనొక డయాగ్నోస్టిక్ ల్యాబుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చున్న వాళ్ళు హడావుడిలో ఎఫ్ బదులు ఎమ్, ఎమ్ బదులు ఎఫ్ నొక్కేస్తుండేవారు. ప్రోస్టేట్ పరీక్ష కాగితం మీద ఫిమేల్ అని ప్రింటయి పరువు పోయిన సందర్భాలున్నాయి. సరే, నేను తెలివిగా ఒక రూల్ పెట్టాను. క్రోమోజోముల రిపోర్టు 46, ఎక్స్‌వై అని వస్తే జెండర్ కాలమ్ దానంతటదే మేల్ అయిపోవాలి, ఎక్స్‌ఎక్స్ అని వస్తే ఫిమేల్ అవ్వాలి. మనిషి టైపు చేసినదానికన్నా క్రోమోజోము నిజం చెప్తుంది కదా అని నా లాజిక్కు. కోడ్ రివ్యూలో భేష్ అన్నారు కూడా.

ఆర్నెల్లు పోయాక ఒక టికెట్ వచ్చింది. పేషెంటు వయసు 17, రిజిస్ట్రేషన్లో ఫిమేల్, ప్రింటయిన రిపోర్టులో మేల్. నేను చూసి, కౌంటర్ వాళ్ళ ఎంట్రీ పొరపాటు, సిస్టమ్ సరిగ్గానే పనిచేస్తోంది అని రాసి క్లోజ్ చేసేసాను. మర్నాడు ఆ ల్యాబు నుంచి పాథాలజిస్టు మేడమ్ ఫోన్ చేసారు. తెలుగావిడే. "బాబూ, కౌంటర్ వాళ్ళ తప్పేం లేదు. ఆ అమ్మాయి అమ్మాయే. నీ కంప్యూటరే ఆ పిల్లని మగపిల్లాణ్ణి చేసేసింది" అన్నారు. కోపంగా కాదు, అలిసిపోయినట్టుగా. ఆ కాగితం డాక్టరు దగ్గరికి చేరకముందే కౌంటర్లో వాళ్ళ నాన్న చేతికిచ్చేసారట.

ఆవిడ ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. అప్పుడు సగమే అర్థమైంది. తర్వాత చదివి చదివి మిగతా సగం తెలుసుకున్నాను. మన భాషలో చెప్పుకుంటే ఇదీ సంగతి.

తల్లి కడుపులో మొదటి ఆరు వారాలూ ఆడైనా మగైనా ఒకటే డిజైను. వై క్రోమోజోము మీద ఎస్ఆర్‌వై అనే జన్యువుంది. దాన్ని 1990లో లండన్లో కనిపెట్టారు. అది ఆన్ అయితే వృషణాలు తయారౌతాయి. వృషణాలు రెండు మెసేజీలు పంపుతాయి. ఒకటి "గర్భసంచి కట్టొద్దు" అని. రెండోది టెస్టోస్టిరాన్, అంటే "మగ శరీరం కట్టు" అని. మెసేజీ పంపితే సరిపోదు కదా, అవతల వినేవాడుండాలి. టెస్టోస్టిరాన్ని వినే రిసెప్టర్ని తయారుచేసే జన్యువు, విచిత్రం ఏంటంటే, వై మీద లేదు, ఎక్స్ మీద ఉంది. ఆ జన్యువులో మార్పు వచ్చి రిసెప్టర్ పూర్తిగా పనిచెయ్యకపోతే, పబ్లిషర్ మెసేజీలు కుమ్మరిస్తూనే ఉంటాడు, సబ్‌స్క్రైబర్ మాత్రం ఉండడు. మొదటి మెసేజీకి వేరే రిసెప్టర్ కాబట్టి అది పనిచేస్తుంది, గర్భసంచి ఏర్పడదు. రెండోది పనిచెయ్యదు, కాబట్టి పైకి ఆడపిల్ల శరీరమే తయారౌతుంది. (అమ్మాయి శరీరాన్ని డిఫాల్ట్ అనటం బయాలజీ వాళ్ళకి నచ్చదు, దానికీ బోలెడు జన్యువులు పనిచెయ్యాలి. మనకి అలవాటైన మాట కాబట్టి వాడుకుంటున్నా.)

దీన్నే ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా ఏఐఎస్. నేను చెప్పింది పూర్తిస్థాయిది. పాక్షికంగా వినే రిసెప్టర్లున్నవాళ్ళ కథ వేరు, అది ఇంకా చిక్కు, దాన్ని ఇక్కడ కలపటంలేదు. పూర్తిస్థాయి ఏఐఎస్ ఉన్న పాపని పుట్టినప్పుడు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. ఆడపిల్ల పుట్టిందంటారు, పేరు పెడతారు, చెవులు కుట్టిస్తారు. కొందరికి చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా వస్తే ఆపరేషన్లో బయటపడుతుంది. లేకపోతే యవ్వనం దాకా తెలీదు. ఆ వయసులో ఒంట్లో ఉన్న టెస్టోస్టిరానే కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్ని వినే రిసెప్టర్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి వక్షోజాలు, ఒంటి తీరు అందరు అమ్మాయిల్లాగే వస్తాయి. నెలసరి మాత్రం రాదు. ఎక్స్‌వైతో పుట్టేవాళ్ళలో 20 వేల మందికి ఒకరు నుంచి 60 వేల పైచిలుకుకి ఒకరి దాకా రకరకాల అంచనాలున్నాయి. తక్కువే, కానీ మన జనాభాకి అది చిన్న లెక్కేమీ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదిహేడేళ్ళు అమ్మాయిగా బతికిన మనిషి చేతిలో ఎక్స్‌వై అనే కాగితం పెడితే, తను ఎవరనే సంగతి ఆ కాగితంతో మారిపోతుందా?

నా రూల్ ప్రకారం మారిపోవాలి. శీర్షికలు పెట్టేవాళ్ళ ప్రకారమూ అంతే. ఆ స్త్రీలని అడిగినవాళ్ళు మాత్రం వేరే సంగతి చెప్తున్నారు. 2003లో బ్రిటన్ పరిశోధకులు పూర్తిస్థాయి ఏఐఎస్ ఉన్న 22 మంది స్త్రీలనీ, అది లేని మరో 22 మంది స్త్రీలనీ పక్కపక్కన పెట్టి చూసారు. తమని తాము స్త్రీగా భావించుకోవటంలో గానీ, మానసికారోగ్యంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 22 అనేది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. వేరేగా భావించుకున్నవాళ్ళు అక్కడక్కడా ఒకరిద్దరు వైద్య సాహిత్యంలో ఉన్నారు కూడా. కానీ ఈ కండిషన్‌తో పెరిగినవాళ్ళలో దాదాపు అందరూ తమని స్త్రీలనే అనుకుంటారన్నది ఆ రంగంలో ఎవరూ పెద్దగా కాదనని మాట.

ఇక్కడ ఒక జాగ్రత్త. "చూసారా, అంతా పెంపకమే, ఎలా పెంచితే అలా తయారౌతారు" అని దూకెయ్యకూడదు. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని ఊళ్ళలో ఇంకో రకం జన్యు లోపం గురించి 1974లో శాస్త్రవేత్తలు రాసారు. అక్కడ కూడా ఎక్స్‌వై పిల్లలే, పైకి ఆడపిల్లల్లా కనబడ్డారని ఆడపిల్లలుగానే పెంచారు. కానీ వాళ్ళ రిసెప్టర్లు పనిచేస్తాయి. యవ్వనం రాగానే టెస్టోస్టిరాన్ తన పని తను చేసింది, చాలామంది మగవాళ్ళుగా బతకటానికి మారిపోయారు. అదే వై, అదే పెంపకం, ఫలితం వేరు. ఏఐఎస్ స్త్రీల విషయంలో మెదడుకి కూడా టెస్టోస్టిరాన్ వినబడలేదు, ఇంట్లో పెంపకమూ ఆడపిల్ల పెంపకమే. రెండూ ఒకే దిక్కుకి లాగాయి కాబట్టి ఏది ఎంత లాగిందో వీళ్ళని చూసి తేల్చలేం. తేలిన సంగతి ఒక్కటే, వై ఉన్నంతమాత్రాన మనిషి లోపల మగవాడు కూర్చుని ఉండడు.

మరి గుర్తింపు దేంతో తయారౌతుంది? ఇది పుస్తకాల్లోది కాదు, నా అభిప్రాయం. రోజూ జరిగే చిన్నచిన్న వాటితో. అమ్మ జడ వేయటం, బస్సులో ఆడవాళ్ళ సీట్లో కూర్చోటం, వీధి చివర వెధవలు చేసే వ్యాఖ్యలు, అద్దంలో కనబడే ఒళ్ళు, ఆ ఒంటితో తనకి కుదిరిన స్నేహం. పదిహేడేళ్ళ పాటు రోజూ రాసుకుంటూ వచ్చిన లాగ్ అది. నేను మాత్రం పదిహేడేళ్ళ లాగ్‌ని పక్కనపడేసి కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చూసి తీర్పిచ్చాను.

అయితే ఆ అమ్మాయిలకి ఏ బాధా ఉండదని కాదు. ఉంటుంది. కాకపోతే అది వై దగ్గర మొదలుకాదు. మనిళ్ళలో ఎలా ఉంటుందో తెలుసుగా. పన్నెండు దాటిన దగ్గర్నుంచీ ఎదురుచూపులే. పెద్దమనిషైతే చాపేసి కూర్చోబెట్టటం, చిమ్మిలి, మేనమామ తెచ్చే చీర, ఓణీల ఫంక్షన్, ఫ్లెక్సీలు, ఫొటోలు. క్లాసులో ఒక్కొక్కరే అయిపోతుంటారు. పద్నాలుగు, పదిహేను, పదహారు. "మీ అమ్మాయి ఇంకా కాలేదా వదినా?" అని పెళ్ళిళ్ళలో అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. వాళ్ళమ్మ ముందు నవ్వేస్తుంది, తర్వాత పెళ్ళిళ్ళకి వెళ్ళటం మానేస్తుంది. ఆ పిల్ల బ్యాగులో అక్కర్లేని ప్యాడ్లు పెట్టుకుని తిరుగుతుంది, ఎవరైనా అడిగితే అయిందని చెప్పటానికి. ఆడతనానికి మనం పెట్టిన ప్రవేశ పరీక్ష అది. అందులో పాసైతే తర్వాతది పిల్లల్ని కనటం. అందులో తప్పినవాళ్ళకోసం మన భాషలో ఒక మాట రెడీగా ఉంది, అదిక్కడ రాయను. ఏఐఎస్ అమ్మాయికి "నువ్వు ఆడదానివేనా" అనే ప్రశ్న ముందుగా జన్యుశాస్త్రం నుంచి రాదు, వదినగారి నుంచి వస్తుంది.

గర్భసంచి లేకుండా పుట్టే ఎక్స్‌ఎక్స్ అమ్మాయిలున్నారు, ఒక ఎక్స్ తక్కువతో పుట్టే టర్నర్ సిండ్రోమ్ అమ్మాయిలున్నారు. టర్నర్ అయితే రెండు వేల పైచిలుకు ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. వాళ్ళలో చాలామందికి వై గొడవ లేదు. అయినా ఈ రెండు పరీక్షల దగ్గర వాళ్ళు పడే బాధ అచ్చం ఇలాంటిదే. అంటే కొలిచే కర్ర ఎక్కడుందో చూడండి.

ఇంకోటి. ఆ జన్యువు ఎక్స్ మీద ఉందన్నాను కదా, అది తల్లి నుంచి వస్తుంది. కొన్నిసార్లు తల్లిలో లేకుండా కొత్తగా కూడా పుడుతుంది, కానీ ఆ ముక్క ఎవరూ వినరు. "మీ వైపు నుంచే వచ్చింది" అని కోడలి మీద పడటానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అత్తగారికి దొరకదు. ఆ కాగితం ఒక్క అమ్మాయినే కాదు, వాళ్ళమ్మనీ, పెళ్ళి కావాల్సిన చెల్లెల్నీ కూడా బోనెక్కిస్తుంది. అందుకే దాచేస్తారు.

దాచటంలో డాక్టర్లు ఇంట్లోవాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువ చదివారు. 1953లో అమెరికాలో జాన్ మోరిస్ అనే వైద్యుడు 82 కేసులు పోగుచేసి ఈ కండిషన్‌కి ఒక పేరు పెట్టాడు. ఆ పేరులోనే వృషణాలు అనే మాట ఉంది. అలాంటి పేరు పేషెంటుకి చెప్పలేక దశాబ్దాల పాటు అబద్ధాలు చెప్పారు. అండాశయాలు సరిగ్గా ఎదగలేదు, కాన్సర్ రావచ్చు, తీసేస్తున్నాం అని ఆపరేషన్ చేసేవారు. నిజం తెలిస్తే అమ్మాయి తట్టుకోలేదు, ప్రాణం తీసుకుంటుందని వాళ్ళ భయం. 1990ల మధ్యలో కూడా, ఇలా అబద్ధం చెప్పటం నైతికంగా సబబేనని వాదిస్తూ ఒక వైద్య విద్యార్థి రాసిన వ్యాసానికి కెనడా వైద్య సంఘం వారి వ్యాసరచన పోటీలో రెండో బహుమతి వచ్చింది. 1996లో వాళ్ళ జర్నల్లో అచ్చయింది.

అది చదివి ఏఐఎస్ ఉన్న స్త్రీలే జవాబు రాసారు. వాళ్ళు చెప్పినదాని సారం ఏంటంటే, మమ్మల్ని గాయపరిచింది క్రోమోజోములు కాదు, అబద్ధాలు. డాక్టరూ అమ్మా నాన్నా గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటే బయట కూర్చున్న పిల్లకి అర్థమయ్యేది ఒకటే, నాలో ఏదో నోటితో చెప్పలేనంత ఘోరమైనది ఉందని. చివరికి మెడికల్ లైబ్రరీల్లో పుస్తకాలు తిరగేసి, ముఖాలు నల్లగా కొట్టేసిన ఫొటోల పక్కన తమ కండిషన్ పేరు ఒంటరిగా చదువుకున్నవాళ్ళున్నారు. ఏ భయంతో దాచారో, ఆ భయానికి దారి ఆ దాచటమే వేసింది. ఇలాంటివాళ్ళు ఒకరినొకరు వెతుక్కోవటం కూడా ఆలస్యంగానే మొదలైంది. బ్రిటన్లో 1988లో ఒక అమ్మాయి తల్లి మొదలుపెట్టిన సహాయ బృందం వాటిలో తొలినాటిది. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని మొదటిసారి తెలిసిన రోజే తను మామూలు మనిషినని అనిపించిందని చెప్పుకున్న స్త్రీలు చాలామంది.

నిజాన్ని పొగరుగా మొహాన కొడితే ఏమౌతుందో చూడాలంటే ఆటల్లోకి రావాలి. మరియా హోసే మార్టినెజ్ పటీన్యో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి. 1983లో హెల్సింకీ ప్రపంచ పోటీలప్పుడు పరీక్ష చేసి, ఈమె స్త్రీయే అని సర్టిఫికెట్ ఇచ్చారు. అవును, అప్పట్లో అలాంటి సర్టిఫికెట్ ఉండేది. 1985లో జపాన్లోని కోబెలో జరిగిన యూనివర్సిటీ క్రీడలకి వెళ్ళినప్పుడు అది వెంట లేదు. మళ్ళీ పరీక్ష చేసారు. ఈసారి ఫెయిల్. దెబ్బ తగిలిందని నటించి తప్పుకోమని సలహా ఇచ్చారు, ఆవిడ అలాగే చేసి గ్యాలరీలో కూర్చుంది. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది, ఎక్స్‌వై అని.

1986 జనవరిలో స్పెయిన్ జాతీయ పోటీలు. మళ్ళీ దెబ్బ నాటకం ఆడి తప్పుకో, లేకపోతే బయటపెడతాం అన్నారు. ఈసారి ఆవిడ వినలేదు. పరిగెత్తి 60 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. కథ పేపర్లకెక్కింది. క్రీడాకారుల వసతి గృహం నుంచి వెళ్ళగొట్టారు, స్కాలర్‌షిప్ ఆపేసారు, పరుగుల రికార్డులు కొట్టేసారు. పెళ్ళిచేసుకోవాల్సినతను వదిలేసాడు. నా మనసులో నాటుకున్న సంగతి ఏంటంటే, ఇంత జరిగినా తను స్త్రీ అనే విషయంలో ఆవిడకి అనుమానం రాలేదు. తను స్త్రీనని తన శరీరానికీ తనకీ తెలుసు, తెలియనిది పరీక్ష పెట్టినవాళ్ళకే అన్న ధోరణిలో తర్వాత తన అనుభవం రాసుకుంది. రెండేళ్ళు పోరాడి 1988లో మళ్ళీ పోటీల్లోకి వచ్చింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి అర్హత సెకనులో పదోవంతులో తప్పిపోయింది. పోయిన మూడేళ్ళు ఏ కోర్టు ఇస్తుంది చెప్పండి?

అన్యాయం ఎంతంటే, టెస్టోస్టిరాన్ వల్ల ఆటల్లో లాభం వస్తుందనేది మీ వాదనైతే, ప్రపంచంలో దానివల్ల ఒక్క మిల్లీగ్రాము లాభం కూడా పొందలేని స్త్రీలు పూర్తిస్థాయి ఏఐఎస్ స్త్రీలే. మామూలు ఎక్స్‌ఎక్స్ స్త్రీకైనా కొంచెం టెస్టోస్టిరాన్ పనిచేస్తుంది, వీళ్ళకి అసలు పనిచెయ్యదు. మిగతా కొన్ని కండిషన్ల విషయంలో ఆటల్లో న్యాయం ఏంటనే చర్చ ఉంది, అది ఉత్తి పక్షపాతం అని నేననను. కానీ పటీన్యో విషయంలో చర్చకేమీ లేదు, అది అజ్ఞానం, అంతే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది స్త్రీలని పరీక్షిస్తే 8 మందికి తేడా వచ్చింది. అందులో 7గురికి ఏఐఎస్. అందర్నీ ఆడనిచ్చారు, ఎవరి పేరూ బయటికి రాలేదు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

పదేళ్ళ తర్వాత మనదేశంలో మాత్రం అలా జరగలేదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల కూతురు శాంతి సౌందరాజన్ 2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి పతకం గెలిచింది. లింగ పరీక్షలో తప్పిందని పతకం తీసేసుకున్నారు. ఆవిడది ఏఐఎస్ అని పేపర్లు రాసాయి. అది ఏంటో, తన ఒంట్లో ఏముందో ఆవిడకి కూర్చోబెట్టి చెప్పకముందే దేశమంతా టీవీల్లో చూసింది. 2007లో ప్రాణం తీసుకోబోయి బతికింది. కొన్నాళ్ళు మళ్ళీ ఇటుక బట్టీలోనే పనికెళ్ళింది. తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో పేదపిల్లలకి పరుగు నేర్పింది, తర్వాత కోచ్ అయింది. పటీన్యోకి తోడు నిలిచిన జన్యుశాస్త్రవేత్త లాంటివాడు ఆవిడకి దొరకలేదు. 2014లో ద్యుతీ చంద్‌ని పక్కన పెట్టినప్పుడు మాత్రం (ఆవిడది టెస్టోస్టిరాన్ మోతాదు గొడవ, ఇది కాదు) కాస్త తెలివొచ్చినట్టుంది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళింది, 2015లో ఆ నియమాన్నే నిలిపేయించింది.

2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం మళ్ళీ జన్యు పరీక్ష తెచ్చింది. స్త్రీల విభాగంలో ప్రపంచ స్థాయి పోటీలకి వెళ్ళాలంటే ఒకసారి బుగ్గలోంచి గానీ రక్తం నుంచి గానీ నమూనా ఇచ్చి ఎస్ఆర్‌వై లేదని నిరూపించుకోవాలి. పూర్తిస్థాయి ఏఐఎస్ స్త్రీలకి నియమాల్లో మినహాయింపు ఉంది, సంతోషం. కానీ మినహాయింపు రెండో మెట్టు. ముందు వచ్చేది స్వాబు ఫలితమే. అది ఏదో క్యాంపులో ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయికి ఎవరు చెప్తారు, ఏ మాటల్లో, పక్కన ఎవరుండగా? ఎస్ఆర్‌వైని కనిపెట్టిన బృందంలోని ఆండ్రూ సింక్లెయిర్ కూడా 2025లోనే, ఆ జన్యువుని చూసి ఆడా మగా తేల్చటం తప్పని బహిరంగంగా రాసాడు. ఆయన చెప్పింది నా పాత రూల్ గురించే అనిపించింది నాకు.

ఇంతకీ వీళ్ళని ఏమని పిలవాలి? మనవాళ్ళు వెంటనే శిఖండిని లాక్కొస్తారు, లేదా "తేడా" అని ఒక వెకిలి నవ్వు నవ్వుతారు. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ట్రాన్స్‌జెండర్ అనే నిర్వచనంలోనే ఇలాంటి శరీరాలతో పుట్టినవాళ్ళందర్నీ కలిపేసింది. ట్రాన్స్ స్త్రీలంటే నాకు చిన్నచూపేమీ లేదు. కానీ ఇద్దరి ప్రశ్నలూ వేరు. ఆవిడ పుట్టినప్పుడు వేసిన ముద్ర తప్పంటోంది. ఈవిడ పుట్టినప్పుడు వేసిన ముద్ర సరైనదే, ఇప్పుడొచ్చి మార్చొద్దంటోంది. ఇద్దరూ అడిగేది నన్ను అడగమనే, నా కాగితాన్ని కాదు. ఆ ఏడాదే ఏప్రిల్లో మద్రాసు హైకోర్టు పసిపిల్లల మీద అనవసరమైన లింగ సవరణ ఆపరేషన్లు ఆపమంది, తమిళనాడు ప్రభుత్వం ఆగస్టులో జీవో ఇచ్చింది. ఈ విషయంలో వాళ్ళు మనకన్నా ముందున్నారు.

వైద్యం కూడా మారింది. 2005లో షికాగోలో సమావేశమైన నిపుణులు 2006లో ప్రకటించిన పద్ధతుల్లో, పేషెంటుకి వయసుకి తగ్గట్టు నిజం చెప్పాలన్నది ముఖ్యమైనది. లోపలి గ్రంథులని చిన్నప్పుడే తీసెయ్యటం బదులు యవ్వనం దాటేదాకా ఉంచటం ఇప్పుడు ఎక్కువ, ఎందుకంటే ఆ వయసులోపు కాన్సర్ ముప్పు చాలా తక్కువ, ఆ హార్మోన్లతోనే ఒళ్ళు సహజంగా ఎదుగుతుంది. తర్వాత తీసేస్తే ఎముకల కోసం ఈస్ట్రోజెన్ వాడాలి. తీయించుకోవాలా, ఉంచుకుని పరీక్షలు చేయించుకుంటూ ఉండాలా అనేది ఆవిడే తేల్చుకోవాలి. బెంగాల్ ఆవిడ లాంటి కేసులు చూస్తే ఆ పరీక్షలు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. నిజం చెప్పకపోతే ఆ పరీక్షలకి వెళ్ళాలనే సంగతి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆ పాథాలజిస్టు మేడమ్‌ని నేనప్పుడు అడిగాను, మరి ఎలా చెప్పాలండీ అని. "ఒక్కరోజులో చెప్పేది కాదు బాబూ" అన్నారు. ఏడెనిమిదేళ్ళ పిల్లకి, నీ పొట్టలో పాపాయి సంచి లేదమ్మా, నీకు పిల్లలు కావాలంటే పెంచుకోవచ్చు అని చెప్తే చాలట. పదకొండు పన్నెండులో, అందరికీ వచ్చేది నీకు రాదు, అదేం జబ్బు కాదు అని. ఇంకొంచెం పెద్దయ్యాక గ్రంథుల గురించి, చివరికి క్రోమోజోముల గురించి. "వృషణాలు అనే మాటతో మొదలుపెట్టకూడదు, ఆ మాట లేకుండా ముగించకూడదు. ఎప్పటికైనా తను చదువుకుంటుంది, అప్పుడు మనం దాచామని అనుకోకూడదు" అన్నారు. నాకు తెలిసిన ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులోనూ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఆ వారమే రూల్ తీసేసాను. క్రోమోజోముల ఫలితం ఒక కాలమ్, పేషెంటు చెప్పిన జెండర్ ఇంకో కాలమ్, ఒకదాన్ని బట్టి ఇంకోటి మారదు. రెండూ పొసగకపోతే రిపోర్టు కౌంటర్లో ప్రింట్ అవ్వదు, నేరుగా డాక్టరు లాగిన్‌కి వెళ్తుంది. నలభై లైన్ల మార్పు కూడా కాదు. టికెట్ మళ్ళీ తెరిచి నా పాత జవాబు కింద, పొరపాటు కౌంటర్ వాళ్ళది కాదు, నాది అని రాసాను. మా మేనేజరు అలా రాయకు, ఎస్కలేషన్ అవుతుందన్నాడు. అవ్వలేదు. ఎవరూ చదవలేదు.

ఆ అమ్మాయికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. పేషెంటు పేరు మాకు కనబడేది కాదు, నంబరే. ఆ రోజు వాళ్ళ నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడో, అక్కడే బల్ల మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివాడో, ఇంటికెళ్ళి పిల్లకేం చెప్పాడో నాకు తెలీదు. మేడమ్‌ని తర్వాత ఒకసారి అడిగాను. వాళ్ళు మళ్ళీ రాలేదన్నారు.